మూడు క్వింటాళ్ల బండి

ప్రభులింగ్‌కు తన బండి అంటే భయం. ఈ సంగతి నారాయణఖేడ్‌లో ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్య శైలశ్రీకి కూడా తెలియదు.

కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు. బజారులో తండ్రి అమృతప్ప పెట్టిన కందుల దుకాణాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతూ, తెల్లారితే బస్తాలు, తూకాలు, దుమ్ము తప్ప మరొకటి ఎరుగని మనిషి అతను. నలభై దాటాక ఒక్క కోరిక తీర్చుకుందామనుకున్నాడు. హైదరాబాద్‌లో ఒక డాక్టరు కొన్నాళ్లు వాడి పక్కన పెట్టిన విదేశీ బండి అమ్మకానికి ఉందని తెలిసి, వెళ్లి చూసి, ఆ రోజే లారీలో ఎక్కించుకుని వచ్చాడు.

లారీ దిగిన రోజు బజారంతా వచ్చి చూసింది. అంత పొడవైన మోటారు సైకిల్‌ను ఖేడ్‌లో ఎవరూ చూడలేదు. ముందు చక్రం ఎక్కడో దూరంగా, చాచిన చేతిలా ఉంటుంది. సీటు మోకాలి ఎత్తుకు కొంచెం పైన. కూర్చుంటే కాళ్లు ముందుకు చాపాలి, చేతులు బార్లా పెట్టాలి. మధ్యలో రెండు పెద్ద సిలిండర్లు నల్లగా, విడదీసిన పిడికిళ్లలా ఉంటాయి. వెనుక టైరు జీపు టైరంత వెడల్పు. స్టార్టు చేస్తే మామూలు బండిలా కూయదు. లోపల ఎవరో నిదానంగా రోకటితో దంచుతున్నట్టు ఉంటుంది. ఆ దంపుడుకు దుకాణం షట్టరు గలగలలాడేది.

"ఎంత బరువుంటది సేఠ్?" అని పక్కన చాయ్ హోటల్ నడిపే బాలకిషన్ అడిగాడు.

"మూడు క్వింటాళ్లు" అన్నాడు ప్రభులింగ్ గర్వంగా. బరువులు అతనికి అలాగే తెలుస్తాయి.

తర్వాతి వారం పొద్దున్నే ఒక్కడే కంగ్టి రోడ్డు పట్టుకున్నాడు. మొదట హాయిగానే ఉంది. గేరు మార్చే పని కూడా పెద్దగా లేదు. ముందు చెరకు ట్రాక్టరు పోతోంది. దాన్ని దాటుదామని కుడి మణికట్టు కొంచెం తిప్పాడు. కొంచెమే. ఎవరో గల్లా పట్టి లాగినట్టు బండి ముందుకు దూకింది. చేతులు భుజాల నుంచి ఊడిపోతాయేమో అనిపించింది. ట్రాక్టరు ఎప్పుడు వెనకపడిందో తెలియలేదు. గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లలోంచే మలుపు కనిపించింది.

బండిని వంచాడు. తన పాత చిన్న బండి అయితే మాట విన్నట్టు వంగేది. ఇది కొంత వంగి ఆగిపోయింది. కాలు పెట్టుకునే ఇనుప పలక రోడ్డుకు తగిలి కర్రుమని గీసుకుంది, నిప్పు రవ్వలు లేచాయి. నేలకు అంత దగ్గరగా చేసిన బండి అంతకంటే వంగదని అప్పుడే తెలిసింది అతనికి. ఉలిక్కిపడి బండిని నిలబెట్టేశాడు. అది మలుపు వదిలేసి రోడ్డుకు అవతలి పక్కకు వెళ్లిపోయింది. ఎదురుగా బస్సు వస్తోంది. హారను చెవిలో మోగింది. బస్సు పక్క రేకు భుజాన్ని రాసుకుంటూ పోయినట్టు వేడి గాలి తగిలింది.

ఎలాగో ఆపాడు. ఆపాక స్టాండు వేయడానికి కాలు కదల్లేదు. దిగితే బండి మీద పడుతుందని, దిగకపోతే మళ్లీ ఉరుకుతుందని, రెండు కాళ్ల మధ్య దాన్ని పట్టుకుని రోడ్డు పక్కన అలాగే వణుకుతూ కూర్చున్నాడు. ఇంటికి మొదటి గేరులో వచ్చాడు.

ఆ తర్వాత తోలలేదు. కానీ రోజూ కడిగేవాడు, తుడిచేవాడు, దుకాణం ముందు నిలబెట్టి స్టార్టు చేసేవాడు. జనం చేరేవారు. "ఇయ్యాల తోలవా?" అని ఎవరైనా అడిగితే బ్యాటరీ వీకుగా ఉందనో, వాన పడేట్టుందనో, దుకాణంలో గిరాకీ ఉందనో చెప్పేవాడు.

"దేవుని లెక్క గద్దె మీద పెట్టినవేంది సేఠ్? ఇగ కొబ్బరికాయ కొట్టుడే తక్కువ" అని బాలకిషన్ నవ్వేవాడు. ప్రభులింగ్ కూడా నవ్వేవాడు. తాళంచెవి పట్టుకున్న అరచేయి చెమటతో తడిసిపోయేది. పడుకుంటే ఆ కర్రుమనే చప్పుడు వినిపించేది. చెబితే ఏమవుతుంది? బజారంతా నవ్వుతుంది. అదొక్కటే. ఆ ఒక్కటే అతనికి బస్సు కంటే పెద్దదిగా కనిపించింది.

ఒక ఆదివారం యేసుబాబు వచ్చాడు. ప్రార్థన ముగించుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, భార్య నిస్సీని వెంటబెట్టుకుని నేరుగా దుకాణం దగ్గరికే వచ్చాడు. ప్రభులింగ్, అతను ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. యేసుబాబు డీసీఎం వ్యాను నడుపుతాడు. దుకాణం సరుకు జహీరాబాద్‌కు, బీదర్‌కు చేర్చేది అతనే. స్టీరింగు ముందు అతను తడబడటం ఎవరూ చూడలేదు.

"తాళంచెవి ఇయ్యి రా ప్రభూ. నాగల్‌గిద్దల నిస్సీ వాళ్ల అన్నకు చూపిచ్చి వస్త" అన్నాడు.

ప్రభులింగ్ జేబు మీద చేయి వేసుకున్నాడు. "ఇప్పుడా? ఎండ మస్తుంది గద."

"ఎండకు నీ బండి కరుగుతదా?"

బాలకిషన్ హోటల్లో కూర్చున్నవాళ్లు పకపక నవ్వారు. ఒకరిద్దరు ఫోన్లు తీసి వీడియో పట్టారు. ప్రభులింగ్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఎలా తీశాడో, ఎందుకు ఇచ్చాడో, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అతనికి తెలియలేదు.

యేసుబాబు ఎక్కి కూర్చున్నాడు. నిస్సీ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెనుక సీటు మీద చేయి వేసింది. "నేను గూడ వస్త. అన్న సంబరపడతడు."

"వద్దు చెల్లె!" ప్రభులింగ్ గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అందరూ తిరిగి చూశారు. "వెనుక సీటు బోల్టు లూజుంది. ఊడొస్తది."

నిస్సీ చేయి తీసేసి వెనక్కి జరిగింది.

"మిగిలినయన్ని మంచిగున్నయా?" అని యేసుబాబు అడిగాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. మలుపుల దగ్గర ఇది వంగదురా, మణికట్టు తిప్పితే మన చేతిలో ఉండదురా అని రెండే మాటలు. నోటిదాకా వచ్చాయి. ఫోన్లు పట్టుకున్న చేతులు కనిపించాయి. బాలకిషన్ నవ్వు మొహం కనిపించింది.

"అన్ని మంచిగనే ఉన్నయి. నిదానంగ పో" అన్నాడు. అప్పటికే బండి దంపుడు మొదలైంది. ఆ చప్పుడులో చివరి మాట యేసుబాబుకు వినబడిందో లేదో.

బండి బజారు మలుపు తిరిగి మాయమైంది. జనం చెదిరిపోయారు. నిస్సీ ఇంటికి వెళ్లింది. ప్రభులింగ్ దుకాణంలోకి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. దూరంగా ఏ బండి చప్పుడు వినిపించినా లేచి బయటికి వచ్చాడు. బుల్లెట్టు పోయింది. ట్రాక్టరు పోయింది. ఎదురుచూస్తున్న దంపుడు మాత్రం రాలేదు. యేసుబాబుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. తోలేటప్పుడు ఎవడెత్తుతాడు అనుకున్నాడు. మళ్లీ చేశాడు. మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శైలశ్రీ అన్నానికి పిలవడానికి వచ్చి అతని మొహం చూసి నుదుటి మీద చేయి పెట్టింది. "గింత చల్లగున్నరేంది? పానం బాగలేదా?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే రోడ్డు దిక్కే ఎందుకు చూస్తున్నరు?"

అతను జవాబు చెప్పేలోపే నిస్సీ పరుగులాంటి నడకతో వచ్చింది. కొంగు జారినా చూసుకోలేదు. "అన్నా, ఆయన ఇంక నాగల్‌గిద్దకు పోలేదంట. మా అన్నకు ఫోన్ చేసిన. బండి రాలేదు, మనిషి రాలేదు అంటుండు."

ప్రభులింగ్ ఇంకేమీ అడగలేదు. శైలశ్రీ స్కూటీ తీశాడు. నిస్సీ వెనుక కూర్చుంది.

నాగల్‌గిద్ద రోడ్డులో ఊరు దాటాక రెండు పక్కలా కంది చేలు. కంది పూత మీద ఉంది, కనుచూపు మేర పచ్చ మీద పసుపు. ప్రతి మలుపు ముందూ ప్రభులింగ్ ఊపిరి బిగబట్టాడు. మలుపు తిరిగాక రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఊపిరి వదిలాడు. వెంటనే తర్వాతి మలుపు వచ్చేది. వెనుక నిస్సీ సన్నగా ప్రార్థన చేసుకుంటోంది. "ప్రభువా... ప్రభువా..." అంటోంది. పిలిచేది దేవుణ్ణే. కానీ ప్రతిసారీ తననే పిలిచి అడుగుతున్నట్టు అతని వీపు జలదరించింది.

ఒక కల్వర్టు దాటాక ముసలామె ఒకతె రోడ్డు మధ్యకు వచ్చి తువ్వాల ఊపుతూ కనిపించింది. ఆ చేను గల శంకరమ్మ. "గీడ! గీడ పడ్డడు! జల్దీ రాండ్రి!" అని అరుస్తోంది.

అక్కడ రోడ్డు ఎడమకు తిరుగుతుంది. తారు మీద కొత్తగా గీసుకుపోయిన తెల్లని గీత ఒకటి ఉంది. ఆ గీత మలుపుతో పాటు కొంచెం తిరిగి తెగిపోయింది, అక్కడి నుంచి టైరు జాడ నేరుగా అవతలి అంచు దాకా వెళ్లింది. ఏం జరిగిందో ప్రభులింగ్‌కు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పలక గీసుకుంది. వాడు ఉలిక్కిపడ్డాడు. నిలబెట్టేశాడు. అంతా తనకు జరిగినట్టే. అటువైపు బస్సు రాలేదు, అంతే తేడా.

కంది మొక్కలు వరసగా విరిగి పడున్నాయి. వాటి చివర బండి పక్కకు ఒరిగి పడి ఉంది. ముందు లైటు పట్టపగలు వెలుగుతూనే ఉంది. దాని కింద యేసుబాబు. కుడి కాలు మోకాలి దాకా బండి కింద ఉంది. తెల్లచొక్కా నల్లరేగడి మట్టితో నిండిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"తీయి రా... కాలు కాలుతుంది... తీయి" అన్నాడు.

నిస్సీ కేక పెట్టి అతని తల దగ్గర కూలబడింది.

"నేను ఒక్కదాన్నే పట్టి జూసిన, కదల్లే" అని శంకరమ్మ రొప్పుతూ చెప్పింది. "నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యమని ఒక మోటర్ సైకిల్ పిల్లగానికి చెప్పిన. చేసిండో లేదో."

ప్రభులింగ్ దగ్గరికి వెళ్లాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. ట్యాంకు మూత అంచు నుంచి బొట్టుబొట్టుగా కారుతోంది. ఒక బొట్టు వేడి ఇంజను మీద పడి చుయ్యిమని ఆవిరైంది. ఇంకో బొట్టు. చుయ్యి. అతని కాళ్లు వాటంతట అవే వెనక్కి అడుగులు వేశాయి. అంటుకుంటుంది. ఇప్పుడే అంటుకుంటుంది. పారిపోవాలి. ఆ క్షణంలో అతని ఒంట్లో ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. స్నేహితుడు లేడు, నిస్సీ లేదు.

యేసుబాబు అతని వైపు చూశాడు. "ప్రభూ" అన్నాడు. అరవలేదు. మామూలుగా పిలిచినట్టే పిలిచాడు.

ప్రభులింగ్ వంగి తాళంచెవి తిప్పేశాడు. లైటు ఆరింది. హ్యాండిల్ పట్టుకుని పైకి లాగాడు. కదల్లేదు. నడుము కలుక్కుమంది. అప్పుడు దుకాణంలో హమాలీలు బస్తాకు వీపు ఆనించి లేపడం గుర్తొచ్చింది. తిరిగి నిలబడి, పిర్రలు సీటుకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకుని, మోకాళ్లు వంచి కాళ్లతో నేలను తన్నాడు. వేడి ప్యాంటులోంచి పిక్కకు తగిలింది. ఎక్కడో వెనుక ఇంకో బొట్టు చుయ్యిమంది.

"గుంజు చెల్లె! లేవంగనే గుంజు!"

శంకరమ్మ వచ్చి పక్కన భుజం ఆనించింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఇద్దరూ కలిసి మట్టిలో మడమలు దిగబడేలా తన్నారు. బండి జానెడు లేచింది. నిస్సీ మొగుడి చంకల కింద చేతులు వేసి లాగింది. యేసుబాబు అరిచిన అరుపుకు చేనులోంచి పిట్టలు లేచిపోయాయి. కాలు బయటికి వచ్చింది.

బండిని వదిలేసి ప్రభులింగ్ పక్కకు దూకాడు. అది మళ్లీ ధభీమని పడింది. అంటుకోలేదు. అతను బోర్లా పడి మట్టిలో మొహం పెట్టుకుని, అంబులెన్సు కూత వినిపించేదాకా అలాగే ఉన్నాడు.

ఖేడ్ దవాఖానలో కట్టు కట్టి సంగారెడ్డికి పంపించారు. ఎముక రెండు చోట్ల విరిగింది, పిక్క మీద చర్మం కాలింది. ఇంజనుకు ముందు అడ్డంగా ఉన్న లావు ఇనుప కడ్డీ నేలకు ఆనడం వల్ల బరువంతా కాలి మీద పడలేదని, లేకపోతే కాలు దక్కేది కాదని డాక్టరు అన్నాడు. ఆపరేషను చేసి రాడ్డు వేశారు.

ఆపరేషను గది బయట బల్ల మీద నిస్సీ, ప్రభులింగ్ చెరో చివర కూర్చున్నారు. నిస్సీ నేల చూస్తూనే అడిగింది.

"అన్నా. చేన్ల పడ్డ బండిని నేను చూసిన. వెనుక సీటు గట్టిగనే ఉన్నది. అంత పడ్డా ఊడలే."

ప్రభులింగ్ గోళ్లలో ఇరుక్కున్న నల్లమట్టి గీక్కున్నాడు.

"నన్నెందుకు ఎక్కకుంట ఆపినవు?"

అబద్ధాలన్నీ అప్పటికే అయిపోయాయి. కంగ్టి రోడ్డు సంగతి చెప్పాడు. పలక గీసుకోవడం, బస్సు, రోడ్డు పక్కన కూర్చుండిపోవడం, తర్వాత రోజూ కడిగి తుడిచి ఆడిన నాటకం, అంతా చెప్పాడు. "నాకు గా బండంటే భయం చెల్లె. గది ఎవరికి తెల్వద్దని ఊకున్న."

నిస్సీ ఏడవలేదు, తిట్టలేదు. "నన్ను ఆపిన నోరే గద అన్నా" అంది. "ఆయనకు గూడ ఒక్క మాట చెప్పేదుండె."

లేచి కారిడారు ఆ చివరకు వెళ్లి నిలబడింది. ఆ రోజు మళ్లీ అతనితో మాట్లాడలేదు.

యేసుబాబుకు ప్రభులింగ్ రెండో రోజు చెప్పాడు. మంచం పక్కన నిలబడి, తల వంచుకుని చెప్పాడు. యేసుబాబు పైకప్పు చూస్తూ విన్నాడు.

"నాకు బజారు దాటంగనే భయమైంది రా" అన్నాడు చివరికి. "గిది నా తోని కాదని ఆడనే సమజైంది. వాపస్ తీస్కొద్దమనుకున్న. మళ్ల అనుకున్న, అందరు ఆడనే కూసున్నరు గద, గింత జల్దీ వచ్చినవేంది యేసూ అంటరని. అంత పెద్ద వ్యాను తోలెటోన్ని." ప్రభులింగ్ వైపు తల తిప్పి, "చెప్పినా నేను ఇనకపోదునేమో. అయినా చెప్పేదుండె" అన్నాడు.

"అవు" అన్నాడు ప్రభులింగ్.

బండి మాత్రం చేనులోనే ఉండిపోయింది. ఎవరో నిలబెట్టి తుమ్మ మొద్దుకు ఆనించి పోయారు. యేసుబాబు ఇంటికి వచ్చిన వారానికి శంకరమ్మ దుకాణానికి వచ్చింది. "నాయినా, మా చేన్ల గది దయ్యం లెక్క నిలవడ్డది. కూలోళ్లు అటు దిక్కు పోతలేరు. తీస్కపో."

ప్రభులింగ్ ఒక మెకానిక్‌ను పిలిపించి మూత, బ్రేకులు సరిచేయించాడు. ట్రాక్టరు ట్రాలీ తెచ్చి, పలకలు వేసి, హమాలీలతో పైకి నెట్టించాడు. సగం ఎక్కాక బండి వెనక్కి జారింది. కింద ఉన్న హమాలీ బీరప్ప పక్కకు దూకకపోతే అతని కాలు కూడా విరిగేదే.

"ఆపుండ్రి! దింపుండ్రి" అని ప్రభులింగ్ అరిచాడు. "ఇగ ఎవరు ముట్టొద్దు. నేనే తోలుకపోత."

శైలశ్రీ స్కూటీ మీద వచ్చి ఉంది. ఆమెకు అప్పటికి అంతా చెప్పేశాడు. ఆమె అతని దగ్గరికి వచ్చి, హమాలీలు వింటున్నా గొంతు తగ్గించకుండా అంది. "భయమైతే ఆగుండ్రి. నేను ముందట పోత. ఆగితే నేను గూడ ఆగుత."

అతను ఎక్కాడు. స్టార్టు చేశాడు. ఆ దంపుడు తొడల్లోకి పాకింది. భయం ఏమీ తగ్గలేదు. కాలు కింది పలక ఒక అంచున అరిగి తళతళలాడుతోంది. దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు. మణికట్టును ఎంత తక్కువ తిప్పొచ్చో అంత తక్కువ తిప్పాడు. ముందు శైలశ్రీ స్కూటీ నత్తలా పోతోంది. వెనుక నుంచి సైకిలు మీద వచ్చిన ముసలాయన ఒకడు వాళ్లిద్దర్నీ దాటి, వింతగా తిరిగి చూసి పోయాడు.

మొదటి పెద్ద మలుపు కనిపించగానే చేతులు కొయ్యబారిపోయాయి. ఆపేశాడు. శైలశ్రీ కూడా ఆగింది. ఏమీ అడగకుండా వచ్చి రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. అతని పళ్లు టకటకమంటున్నాయి. బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. కిటికీల్లోంచి జనం చూశారు. చూడనీ అనుకున్నాడు. దడ కొంచెం తగ్గాక మళ్లీ బయలుదేరి, మలుపును నడక వేగంతో దాటాడు. తర్వాతి మలుపు దగ్గరా ఆగాడు. ఆ తర్వాతి దాని దగ్గర ఆగలేదు.

దుకాణానికి పోకుండా బండిని నేరుగా యేసుబాబు ఇంటి ముందుకే తెచ్చాడు. యేసుబాబు వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. చప్పుడు వినగానే అతని మొహం పాలిపోయింది, రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ప్రభులింగ్ గబగబా ఇంజను ఆపేశాడు.

"ఎట్లొచ్చినవ్ రా?"

"ఏడ్సుకుంట వచ్చిన."

యేసుబాబు నవ్వాడు. నవ్వితే కాలు నొచ్చి మొహం చిట్లించాడు, మళ్లీ నవ్వాడు. నిస్సీ నవ్వలేదు. గడప దగ్గర నిలబడి బండిని చూసింది, చెమటకు తడిసి ముద్దయిన ప్రభులింగ్ చొక్కాను చూసింది. లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి శైలశ్రీకి ఇచ్చింది. కొంచెం ఆగి, ఇంకో గ్లాసు తెచ్చి అతనికీ ఇచ్చింది.